తూము తీస్తే చాలు: మాక్రోల సెట్టింగు గురించి ఒక లెక్కల మనిషి మాట

ఫిబ్రవరి నెల వచ్చిందంటే మా వైపు ఉపాధ్యాయులకు రెండు పనులు ఒకేసారి మీద పడతాయి. ఒకటి పదో తరగతి పిల్లల చదువు, రెండోది తమ సొంత ఆదాయపు పన్ను లెక్క. ఆ నెల జీతం బిల్లుతో పాటు పన్ను కాగితాలు కూడా జీతం బిల్లు పెట్టే అధికారికి (డీడీవో) అందాలి కాబట్టి, సాయంత్రం బడి వదిలాక ఒక్కొక్కరే జేబులో పెన్‌డ్రైవు వేసుకుని నా బల్ల దగ్గరికి వస్తారు. నేను మండపేట చుట్టుపక్కల బియ్యం మిల్లులకు లెక్కలు రాసే మనిషిని. ఈ పన్ను కాగితాల పని నాకు వృత్తి కాదు, ఊరివాళ్ళ పని కనుక చేస్తాను. వాళ్ళు తెచ్చే పెన్‌డ్రైవులో ఏటా ఒక ఎక్సెల్ ఫైలు ఉంటుంది. జీతం, డీఏ, పీఎఫ్ కోత, ఎల్ఐసీ ప్రీమియం వివరాలు నింపి మీట నొక్కితే లెక్కంతా తేల్చి, సంతకం పెట్టడమే తరువాయిగా కాగితాలు తయారుచేసి ఇస్తుంది. ఆ ఫైలుతో పాటు వాట్సాప్‌లో ఒక సూచన కూడా తిరుగుతూ ఉంటుంది: "ఫైలు పని చేయకపోతే ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఎనేబుల్ ఆల్ మాక్రోస్ పెట్టుకోండి."

ఈ ఒక్క వాక్యం మీదే నా అభ్యంతరం. ఫైలు మీద కాదు, దాన్ని తయారుచేసినవారి మీద అంతకన్నా కాదు. ఒక ఫైలు నడవడానికి ఒక ఫైలుకు అనుమతి ఇస్తే సరిపోతుంది. దానికోసం ఇక ముందు ఆ కంప్యూటరులోకి వచ్చే ప్రతి ఫైలుకూ, ఎవరు పంపినదైనా, అడగకుండా అనుమతి ఇచ్చేయడం పొరపాటు. మా డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. చేలోకి నీళ్ళు కావాలంటే తూము తీస్తాం, చేను తడవగానే మూసేస్తాం. నీళ్ళు తొందరగా రావాలని కాలువ గట్టుకు గండి కొట్టే రైతును నేను ఇంతవరకు చూడలేదు.

మాక్రో అంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక మాట. ఎక్సెల్ గళ్ళలో మనం రాసే సూత్రాలు ఆ గళ్ళ వరకే పని చేస్తాయి. మాక్రో అలా కాదు, అది విజువల్ బేసిక్ భాషలో రాసి ఫైలులో దాచిపెట్టిన ఒక చిన్న ప్రోగ్రాము. ఫైలు తెరవగానే దానంతట అదే మొదలయ్యేలా కూడా దాన్ని రాయవచ్చు. కూర్చున్న మనిషి ఆ కంప్యూటరులో ఏమేం చేయగలడో దాదాపు అవన్నీ అదీ చేయగలదు. వేరే ఫైళ్ళు తెరుస్తుంది, చెరిపేస్తుంది, మెయిలు పంపుతుంది, ఇంటర్నెట్ నుంచి ఇంకో ప్రోగ్రామును దించి నడిపిస్తుంది. జీతాల లెక్క తేల్చి పెట్టే శక్తీ, జీతాల ఫైళ్ళను నాశనం చేసే శక్తీ ఒకటే. రాసినవాడి ఉద్దేశాన్ని బట్టి అది ఎటైనా తిరుగుతుంది.

అలాగని మాక్రోలే వద్దనేవారితో నేను ఏకీభవించను. వాటితో నాకు పదిహేనేళ్ళకు పైగా అనుబంధం ఉంది. మిల్లులో వోచరు మీద మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. ఇంగ్లీషులో ఆ పని చేసే మాక్రో ఉంది కానీ అది మిలియన్లలో లెక్కిస్తుంది. మనకు కావలసినవి లక్షలు, కోట్లు, అదీ తెలుగులో. ఒక వేసవిలో, కాలువలు కట్టేసి మిల్లుకు పని తక్కువగా ఉన్న రోజుల్లో, నేను ఆ మాక్రో రాయడానికి కూర్చున్నాను. విజువల్ బేసిక్ ఎడిటరులో "రూపాయలు" అని తెలుగులో కొడితే అక్షరాలకు బదులు వరసగా ప్రశ్నార్థకాలు పడ్డాయి. ప్రతి భాష అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతి ఆ ఎడిటరుకు తెలియదు. అక్షరాన్ని దాని సంఖ్యతో పిలవాలి, 'ర' కావాలంటే 3120, దాని పక్కన ఊత్వం కోసం 3138. ఒకటి నుంచి తొంభై తొమ్మిది వరకు తెలుగు సంఖ్యల పేర్లను అలా అంకెలుగా మార్చి రాసుకుంటూ పోతే, 'పద్దెనిమిది' దగ్గర ద వత్తు రావడానికి పొల్లు గుర్తు సంఖ్య కూడా కలపాలని తెలియడానికి ఒక పూట పట్టింది. మొదటి వోచరు మీద "పద్దెనిమిది వేల నాలుగు వందల రూపాయలు మాత్రమే" అని తప్పు లేకుండా వచ్చినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. 2022 జనవరిలో 23 శాతం ఫిట్‌మెంట్‌తో, అంటే మూల వేతనం మీద పెంపుతో, పీఆర్సీ (వేతన సవరణ) వచ్చినప్పుడు కొత్త జీతం ఎంతో లెక్క వేసుకోవడానికి రాష్ట్రమంతటా ఉపాధ్యాయులు వాడినవి తోటి ఉపాధ్యాయులు రాత్రుళ్ళు కూర్చుని ఉచితంగా తయారుచేసి పెట్టిన ఇలాంటి ఫైళ్ళే. ఆదాయపు పన్ను శాఖ తానే రిటర్నుల కోసం మాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్ళు ఇచ్చింది. జీఎస్టీ వార్షిక రిటర్ను ఆఫ్‌లైన్ ఫైలు కూడా మాక్రోలు లేనిదే కదలదు. కాబట్టి మాక్రోలు వాడవద్దనే సలహా ఇక్కడ ఎవరికీ పనికిరాదు.

ఇక నా తప్పు చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

పైన చెప్పిన వోచరు మాక్రోను ఒక మిల్లు కంప్యూటరులో పెట్టినప్పుడు, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007లో ప్రతిసారీ హెచ్చరిక వస్తోందని అక్కడి గుమాస్తా విసుక్కున్నాడు. "ఏవండీ, ఆ హెచ్చరిక గీత రాకుండా చెయ్యలేరాండీ?" అన్నాడు. నేను భద్రతా సెట్టింగులుండే ట్రస్ట్ సెంటరులోకి వెళ్ళి ఎనేబుల్ ఆల్ మాక్రోస్ అనే గుండీ నొక్కి వచ్చేశాను. ఎక్సెల్‌లో మార్చిన సెట్టింగు ఎక్సెల్‌కే వర్తిస్తుంది, వర్డ్‌కు దాని సెట్టింగు వేరు. అదే కూర్చోవడంలో వర్డ్‌లో కూడా మార్చాను, 'అను' అనే పాత తెలుగు ఫాంటులో టైపు చేసిన ఉత్తరాలను యూనికోడ్‌లోకి తెచ్చుకునే మాక్రో ఒకటి అక్కడ ఉంది మరి. ఆ గుండీ పక్కనే, ఇది మంచిది కాదు, ప్రమాదకరమైన కోడు నడవవచ్చు, అని రాసి ఉంటుంది. చదివాను. చదివి కూడా నొక్కాను.

2016 మార్చిలో, దాళ్వా కోతలకు ముందు, ఆ మిల్లుకు ఒక మెయిలు వచ్చింది. రబ్బరు రోళ్ళకు ఆర్డరు పెట్టి బిల్లు కోసం ఎదురుచూస్తున్న గుమాస్తా, ఇన్వాయిస్ అని ఉన్న వర్డ్ ఫైలును తెరిచాడు. ఏ గీతా రాలేదు, ఏ ప్రశ్నా అడగలేదు. తెర మీద అర్థం కాని అక్షరాల చెత్త కనిపించింది, మూసేసి భోజనానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి సార్వా సీజను లెక్కలున్న ఫోల్డరులో ఒక్క ఫైలుకూ దాని పేరు లేదు. పొడవాటి అక్షరాలూ అంకెలూ, ప్రతి పేరు చివరా 'లాకీ' అనే మాట. షేరింగులో ఉన్న కాటా దగ్గరి కంప్యూటరు ఫోల్డరుకూ అదే గతి పట్టింది. ఫైళ్ళు తిరిగి కావాలంటే బిట్‌కాయిన్లలో డబ్బు కట్టాలని తెర మీద ఒక నోటీసు వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో బయలుదేరి ప్రపంచమంతా తిరిగిన లాకీ అనే వైరస్సు అది.

డబ్బు కట్టలేదు. కాగితం మీది చిట్టా, ఆవర్జాలే మమ్మల్ని కాపాడాయి. మూడు వారాలు నేనూ గుమాస్తా రాత్రి పదింటి వరకు కూర్చుని, ధాన్యం వచ్చిన లారీ లారీకీ రసీదు చూసుకుంటూ మళ్ళీ టైపు చేశాం. మిల్లు యజమాని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. గుమాస్తా మాత్రం తన వల్లే జరిగిందని కుమిలిపోయాడు. కాదు నాయనా, ఆ సెట్టింగు మార్చింది నేను, అని అతనికి చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

తరువాత ఆ వైరస్సు గురించి చదివినప్పుడు ఒక విషయం నన్ను ఆలోచనలో పడేసింది. ఆ వర్డ్ ఫైలులో కనిపించే అక్షరాల చెత్త కావాలని పెట్టినదే. దాని పైన, అక్షరాలు సరిగా కనిపించకపోతే మాక్రోలను అనుమతించండి, అనే అర్థంలో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉండేది. చూసినవారు ఎన్‌కోడింగు చెడిందనుకుని, మాక్రోలు తెరిస్తే బాగవుతుందని నమ్మి నొక్కేవారు. ఇలాంటి ఎత్తుకు తెలుగువాళ్ళం మరింత సులభంగా పడిపోతాం. ఎందుకంటే మనకు అక్షరాల చెత్త అలవాటే. అను ఫాంటులో టైపు చేసిన ఉత్తరాన్ని ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే కనిపించేది అదే, ఏదో ఒకటి కలిపితేనో మారిస్తేనో సరి అవుతుందని ఇన్నేళ్ళుగా మనం నేర్చుకున్నదీ అదే. అక్షరాలు చెడి కనిపించడానికీ ఆ ఫైలులోని మాక్రోలకూ ఏ సంబంధమూ ఉండదు. ఈ ఒక్క సంగతి మన డీటీపీ కేంద్రాల్లో అందరికీ తెలిసినా చాలా ప్రమాదాలు తప్పుతాయి.

నేను ఈ మాట ఎత్తినప్పుడల్లా ఎదురయ్యే మొదటి జవాబు, తెలిసినవాళ్ళే పంపారండీ అని. మనది మనిషిని చూసి నమ్మే సమాజం, ఆ నమ్మకం మంచిదే. అయితే ఫైలును పంపినవారు వేరు, తయారుచేసినవారు వేరు, మధ్యలో దాన్ని తెరిచి మళ్ళీ దాచినవారు ఇంకా వేరు. 1999 మార్చిలో వచ్చిన మెలిస్సా అనే మాక్రో వైరస్సు చేసిన పనే ఇది. వర్డ్ ఫైలు తెరవగానే ఆ కంప్యూటరు అడ్రసు పుస్తకంలో మొదటి యాభై మందికి, ఆ మనిషి పేరుతోనే, మీరు అడిగిన డాక్యుమెంటు ఇదిగో అంటూ తనను తాను పంపుకునేది. అందుకున్న యాభై మందికీ అది తెలిసిన మనిషి నుంచి వచ్చిన ఉత్తరమే. ఇంకో సంగతి, వర్డ్ 2000 ఉన్న కంప్యూటరులో అది అడుగు పెట్టగానే చేసే పనుల్లో ఒకటి మాక్రో భద్రతా స్థాయిని అన్నిటికన్నా కిందికి దించేయడం. ఇప్పుడు మన వాట్సాప్ సూచన మనచేత చేయించేది సరిగ్గా ఆ పనే.

రెండో జవాబు, మా దగ్గర దోచుకోవడానికి ఏముంటుందండీ అని. ఒక మండలం ఉపాధ్యాయుల జీతాల ఫైలులో ఏముంటుందో ఒకసారి తెరిచి చూడండి. పేరు, పుట్టిన తేదీ, ప్రభుత్వ ఉద్యోగి గుర్తింపు అయిన సీఎఫ్ఎంఎస్ నంబరు, పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను, అన్నీ ఒకే వరసలో పక్కపక్క గళ్ళలో ఉంటాయి. మిల్లులోనైతే ధాన్యం అమ్మిన రైతుల ఖాతా నంబర్లు. అవి మనవి కావు, మనల్ని నమ్మి ఇచ్చినవి. ఇక పెద్ద నష్టం ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో జరిగినది చాలు. విద్యుత్ సంస్థల ఉద్యోగులకు మెయిళ్ళలో వచ్చిన ఆఫీస్ ఫైళ్ళలోని మాక్రోల ద్వారా లోపలికి చొరబడినవారు, నెలల తరువాత ఆ రోజున సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు ఆపేశారు.

మరి ఏం చేయాలి? ముందు ఫైలు మెనూలో ఆప్షన్స్, అందులో ట్రస్ట్ సెంటర్, దాని సెట్టింగ్స్, అందులో మాక్రో సెట్టింగ్స్ తెరవండి. నాలుగు గుండీలు కనిపిస్తాయి. మొదటిది ఏమీ చెప్పకుండా అన్నిటినీ ఆపేస్తుంది, మాక్రోలు అసలు వాడని కంప్యూటరుకు అది బాగుంటుంది. రెండోది ఆపి, మనకు చెబుతుంది. మైక్రోసాఫ్ట్ మొదట్లో పెట్టి ఇచ్చేది ఇదే, మనలో ఎక్కువ మందికి కావలసినదీ ఇదే. మూడోది డిజిటల్ సంతకం ఉన్నవాటిని మాత్రమే రానిస్తుంది. నాలుగోది ఎనేబుల్ ఆల్ మాక్రోస్, నేను 2016లో మూల్యం చెల్లించిన గుండీ. దాని కిందే విజువల్ బేసిక్ ప్రాజెక్టు నమూనాకు అనుమతి అనే గడి ఒకటి ఉంటుంది, అందులో టిక్కు ఉంటే తీసేయండి. ఒక మాక్రో ఇంకో ఫైలులోకి మాక్రోలు రాసే దారి అది, జీతాల ఫైలుకు దానితో పని లేదు. వర్డ్‌లోనూ పవర్‌పాయింట్‌లోనూ ఇదంతా మళ్ళీ విడివిడిగా చూసుకోవాలి.

రెండో గుండీ ఉంటే ప్రతిసారీ అడుగుతుందనే విసుగు ఇప్పుడు అర్థం లేనిది. ఆఫీస్ 2010 నుంచి, ఒక ఫైలుకు పసుపు హెచ్చరిక గీత మీద ఎనేబుల్ కంటెంట్ ఒకసారి నొక్కితే ఆ కంప్యూటరు ఆ ఫైలును గుర్తు పెట్టుకుంటుంది, మళ్ళీ అడగదు. ఒక చేనుకు ఒక తూము అంటే ఇదే.

ఎర్ర గీత సంగతి వేరు, ఈ మధ్య వచ్చే ఫోన్లలో సగం దాని గురించే. 2022 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్, ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మాక్రోలను మొదటి నుంచే అడ్డుకుంటామని ప్రకటించింది. ఆ ఏడాది జులైలో వెనక్కి తగ్గి, మళ్ళీ అదే నెలలో ముందుకు వెళ్ళింది. అందువల్ల దించుకున్న ఫైలు తెరిస్తే ఇప్పుడు అనుమతించే మీటే ఉండదు, మూలం నమ్మదగినది కాదు కనుక అడ్డుకున్నామనే మాట మాత్రమే ఉంటుంది. బ్రౌజరు ఫైలును దించినప్పుడు విండోస్ దానికి వెనకాల ఒక చిన్న గుర్తు తగిలిస్తుంది, ఎక్సెల్ చూసేది ఆ గుర్తునే. ఫైలు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే అడుగున అన్‌బ్లాక్ అనే గడి ఉంటుంది, అందులో టిక్కు పెడితే ఆ గుర్తు పోతుంది. ఇది ఆ ఒక్క ఫైలుకే వర్తిస్తుంది కాబట్టి నాకు నచ్చిన పద్ధతి. అయితే ఆ టిక్కు పెట్టే ముందు, ఫైలును వాట్సాప్ గుంపు నుంచి కాకుండా తయారుచేసినవారి సొంత చోటు నుంచే దించుకున్నామా అని ఒక్కసారి చూసుకోవాలి. పన్ను శాఖ ఫైలైతే పన్ను శాఖ సైటు నుంచే.

ఇక్కడ పెన్‌డ్రైవు గురించి గట్టిగా చెప్పాలి. ఆ గుర్తు, విండోస్ ఫైళ్ళు దాచుకునే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉన్న డిస్కులోనే నిలుస్తుంది. మన పెన్‌డ్రైవులు ఎక్కువగా ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి, వాటిలోకి ఎక్కించగానే గుర్తు రాలిపోతుంది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలే అయినా, బడి నుంచి నా బల్ల మీదికి పెన్‌డ్రైవులో వచ్చేసరికి అది ఇంట్లో పుట్టిన ఫైలులా కనిపిస్తుంది, ఎర్ర గీత రాదు. జిప్ ఫైళ్ళను విప్పే ప్రోగ్రాములు కొన్ని కూడా ఆ గుర్తును లోపలి ఫైళ్ళకు అందించవు. గీత రాలేదు కనుక ఫైలు మంచిదే అనుకోవడానికి లేదు. గీత లేని చోట మిగిలేది ఆ మాక్రో సెట్టింగ్స్‌లోని రెండో గుండీ ఒక్కటే, దాన్నే మనం నాలుగోదానికి తిప్పేస్తున్నాం.

రోజూ నాలుగైదు మాక్రో ఫైళ్ళు నడిపే మిల్లుల్లో నేను ట్రస్టెడ్ లొకేషన్ పద్ధతి పెట్టాను. ఒక ఫోల్డరును నమ్మకమైన చోటుగా చూపిస్తే, అందులో ఉన్న ఫైళ్ళు అడగకుండా నడుస్తాయి, బయట ఉన్నవి నడవవు. ఆ ఫోల్డరు డౌన్‌లోడ్స్ కాకూడదు, డెస్క్‌టాపూ కాకూడదు. అలా పెడితే పెట్టనట్టే, వచ్చిన ప్రతి ఫైలూ ముందు పడేది అక్కడే కదా. లిబ్రే ఆఫీస్ వాడేవారికి మాక్రో సెక్యూరిటీ కింద నాలుగు స్థాయిలు ఉంటాయి, హై అనే స్థాయి మొదటి నుంచే ఉంటుంది. దాన్ని లో కు దించకుండా, ట్రస్టెడ్ సోర్సెస్‌లో ఒక ఫోల్డరు చేర్చుకుంటే ఇదే పని జరుగుతుంది.

ఇంత చెప్పినా బరువంతా వాడేవారి మీదే పెట్టడం న్యాయం కాదు. యాభై ఐదేళ్ళ మాస్టారు ట్రస్ట్ సెంటరు లోతులు తెలుసుకోవాలని అనడం నాకు ఇష్టం లేదు. బాధ్యతలో పెద్ద భాగం ఫైలు తయారుచేసే మనది. మాక్రో లేకుండా సూత్రాలతోనే చేయగలిగిన పనిని అలాగే చేసి, మాక్రోలు పట్టని ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రూపంలో ఇవ్వాలి. నేను చూసిన పన్ను ఫైళ్ళలో చాలా వరకు మాక్రో చేస్తున్న పని షీట్లను చూపడం, దాచడం, ప్రింటు తీయడం మాత్రమే. దానికోసం వేలమంది ఉపాధ్యాయులచేత భద్రత సడలించేలా చేయడం తగదు. మాక్రో తప్పదనుకుంటే, అది ఏం చేస్తుందో చెప్పాలి, కోడుకు తాళం వేయకుండా చూడనివ్వాలి, అసలు ఫైలు ఎక్కడ దొరుకుతుందో రాయాలి. సూచనల్లో ఎనేబుల్ ఆల్ మాక్రోస్ అనే మాట కనిపించకూడదు. కోడుకు తాళం వేస్తేనే తమ కష్టాన్ని ఎవరూ ఎత్తుకుపోరని కొందరు అంటారు. ఆ బాధ నాకు తెలుసు, నా వోచరు మాక్రో వేరేవారి పేరుతో తిరిగి నా దగ్గరికే వచ్చింది. అయినా ఆ తాళం తేలిగ్గా ఊడిపోయేదే, దొంగను ఆపదు, లోపల ఏముందో చూడాలనుకునే నిజాయితీపరుడిని మాత్రం ఆపుతుంది.

ఈ ఏడాది నా వోచరు ఫైలును మళ్ళీ తీసి, మొదటి షీటులో ఉన్న పాత సూచనలన్నీ చెరిపేశాను. ఇప్పుడు అక్కడ ఇలా ఉంది: "ఈ ఫైలులో ఒకే ఒక మాక్రో ఉంది. బి గడిలోని అంకెను సి గడిలో తెలుగు అక్షరాల్లో రాస్తుంది, వేరే ఏ ఫైలునూ ముట్టుకోదు, ఇంటర్నెట్‌కు వెళ్ళదు. పసుపు గీత వస్తే దాని మీద ఒకసారి నొక్కండి. మీ కంప్యూటరు సెట్టింగులు మార్చవద్దు. ఎర్ర గీత వస్తే ఫైలు మూసి, ఇది మీకు ఎవరు పంపారో చూసుకుని నాకు ఫోను చేయండి." మొన్న ఆ మిల్లు గుమాస్తా నుంచే మొదటి ఫోను వచ్చింది. పంపినవారి పేరు చదవమన్నాను. చదివాడు, మా ఇద్దరికీ తెలియని పేరు. ఆ ఫైలు తీసేసి, నేనే పెన్‌డ్రైవులో అసలుది పట్టుకుని సైకిలు మీద వెళ్ళాను.